మిద్దె మీద ఒక గొడుగు - ఇంట్లో నాలుగు తెరలు

విజ్ఞాన శాస్త్రమంటే పెద్ద పెద్ద ప్రయోగశాలల్లోనే ఉంటుందని మనలో చాలామంది అనుకుంటాము. కాని మా నంబులపూలకుంట ఇంటి మిద్దె మీద ఉన్న డిష్ నాకు నేర్పినంత భౌతిక శాస్త్రం పుస్తకాలు కూడా నేర్పలేదంటే అతిశయోక్తి కాదు. మా జేజి దాన్ని డిష్ అనదు, గొడుగు అంటుంది.

2020 మార్చిలో బడులు మూతపడినాయి. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు రావడం మొదలయింది. మా అన్న కూతురు ఆ ఏడు పదో తరగతి. పాఠం వచ్చే వేళకే జేజికి భక్తి కార్యక్రమం. ఇంట్లో ఉన్నది ఒకే టి.వి. "నా పెట్టె నాకియ్యండి నాయనా, ఈ వయసులో నాకింకేముంది?" అంటుంది జేజి. పాప ఏమీ అనలేక ఫోను పట్టుకొని సిగ్నలు కోసం మిద్దెక్కేది. ఇద్దరిదీ న్యాయమే. ఇంట్లో పాత కంప్యూటర్లు రెండున్నాయి. ఆ గొడుగులో పడే బొమ్మను వాటికి కూడా పంచితే ఎట్లుంటుంది అనుకున్నాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1996లో ఎకోల్ సెంత్రాల్ పారిస్ విద్యార్థులు తమ కళాశాలలో వేగవంతమైన నెట్‌వర్క్ కావాలని కోరుకున్నారు. అందుకు తగిన కారణం చూపడానికి, గదికొక డిష్ పెట్టే బదులు ఒకే డిష్ పెట్టి ఉపగ్రహ టి.వి.ని నెట్‌వర్క్ మీద అందరి కంప్యూటర్లకూ పంపే పని చేపట్టారు. అదే వీడియోలాన్. మనమందరం సినిమాలు చూసుకొనే, నారింజ రంగు కోను గుర్తున్న వి.ఎల్.సి. దాని బిడ్డే. 2001లో దాన్ని అందరికీ ఉచితం చేశారు. విద్యార్థుల పని ప్రపంచమంతా పాకింది చూడండి!

ఇంతకీ ఇది ఎలా పని చేస్తుంది? దూరదర్శన్ వారి ఉచిత ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్దనున్న జీశాట్-15 నుండి వస్తాయి. లెక్క కడితే మా ఊరి నుండి అది ఆగ్నేయ దిక్కున, నేలకు సుమారు 66 డిగ్రీల ఎత్తులో, 36 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉంటుంది. అంత దూరం నుండి వచ్చే అతి బలహీనమైన తరంగాలను గొడుగు ఒకచోటికి చేరుస్తుంది. అక్కడున్న ఎల్.ఎన్.బి. వాటి బలం పెంచి, గిగాహెర్ట్జ్‌లలో ఉన్న పౌనఃపున్యాన్ని 950 నుండి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకు దించుతుంది. అట్లా దించకపోతే మామూలు తీగలో అది ఇల్లు చేరేలోపే ఆవిరైపోతుంది.

కంప్యూటర్‌కు తగిలించిన ట్యూనరు ఆ తరంగంలోంచి అంకెల ప్రవాహాన్ని తీస్తుంది. ఆ ప్రవాహం 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా ఉంటుంది. నెట్‌వర్క్‌లో ఒక మూట మామూలుగా 1500 బైట్లకు మించరాదు కాబట్టి, ఏడేసి పొట్లాలను (7 × 188 = 1316) ఒక మూటగా కట్టి పంపుతారు. ఒక ట్యూనరు ఒకసారికి ఒక ట్రాన్స్‌పాండర్‌నే పట్టగలదు. కాని ఆ ట్రాన్స్‌పాండర్‌లో ఉన్న ఛానళ్ళన్నీ కలిసే వస్తాయి గనుక, తలా ఒకటి చూసుకోవచ్చు. వేరే ట్రాన్స్‌పాండర్ కావాలంటే మాత్రం రెండో ట్యూనరు, రెండు నోళ్ళున్న ఎల్.ఎన్.బి. ఉండాల్సిందే. మాకు కావలసిందీ అదే: ఒక నోరు జేజి పెట్టెకు, ఇంకొకటి నా కంప్యూటర్‌కు.

పంచడానికి రెండు పద్ధతులున్నాయి. అడిగినవారికి తలా ఒక ప్రతి పంపడం యూనికాస్ట్. ఒకే ప్రతి పంపితే కావలసిన వారందరూ అందుకోవడం మల్టీకాస్ట్. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును చూశారు గదా, మాను ఒకటే, ఊడలు వందలు. రెండోది అట్లాంటిది. వినడానికి ఇదే మేలనిపించి, నేను ఇంట్లో వైఫై మీద మల్టీకాస్ట్ పెట్టేశాను. బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలిపోయింది. పైగా ఇంట్లో ఫోన్లన్నీ మొరాయించినాయి. "ఏం మంత్రమేసినావురా?" అని అన్న కేకలు!

తప్పెక్కడ? మల్టీకాస్ట్ మూటలను వైఫై మామూలుగా అతి తక్కువ వేగంతో పంపుతుంది. అవి అందాయో లేదో తిరిగి అడగదు, పోయినదాన్ని మళ్ళీ పంపదు. గాలినంతా అవే ఆక్రమించడంతో తక్కినవాటికి దారి లేకుండా పోయింది. కాబట్టి మల్టీకాస్ట్‌కు తీగ మేలు. వైఫైకి యూనికాస్ట్ మేలు. మామూలు ఛానల్ ఒకటి సెకనుకు కొద్ది మెగాబిట్లే గనుక, 100 మెగాబిట్ల తీగ మీద నాలుగైదు తెరలు సులువుగా నడుస్తాయి. నేను పాప గదికి తీగ లాగాను.

ఇంకొక కిటుకు బఫరు. మా ఊరి పేరులోనే కుంట ఉంది. వాన ఎప్పుడు ఎట్లా పడినా కుంట నిండి ఉంటే తూము సమంగా పారుతుంది. అట్లే ఒక సెకను బొమ్మను ముందే నిల్వ ఉంచుకుంటే, మూటలు ముందూ వెనకా వచ్చినా తెర ఆగదు. జేజి తెర కంటే పాప తెర ఒక క్షణం వెనక ఉంటే నష్టమేముంది?

ఒక హెచ్చరిక. ఇదంతా ఉచిత ఛానళ్ళ సంగతి. డబ్బు కట్టే ఛానళ్ళ తాళం పగలగొట్టడం నేరం. తీగను గడప దాటించి ఊరికి పంచితే అది కేబుల్ వ్యాపారం. 1995 నాటి చట్టం ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రద్దయినాయి. కాని పాప పాఠం మాత్రం రద్దు కాలేదు. నోట్సు నిండుగా రాసుకుంది. జేజి భక్తీ ఆగలేదు.

విద్యార్థి మిత్రులారా, 2017లో ప్రారంభమైన స్వయం ప్రభ ఛానళ్ళు కళాశాల స్థాయి పాఠాలను ఉచితంగా అదే ఉపగ్రహం నుండి పంపుతూ వచ్చినాయి. అధికారుల అనుమతితో మన హాస్టల్ మిద్దె మీద ఒక గొడుగు, లోపల నాలుగు తీగలు వేసుకోలేమా? పారిస్ విద్యార్థులు చేసింది మనకు చేతకానిదేమీ కాదు. వచ్చే ఏటి సంచికలో ఆ కథ మీలో ఒకరు రాస్తే చదవాలని నా ఆశ.