మరణశయ్య చెంత నిలుచువారి దుఃఖము

మన గ్రామములలో ఒక బిడ్డకు వైద్య కళాశాలలో సీటు లభించినచో బంధువులందరికిని పండుగ యగును. తల్లిదండ్రులు మిఠాయి పంచెదరు. మఠమునకు వచ్చి స్వామివారి ఆశీర్వాదము పొందెదరు. నర్సింగు చదువబోవు ఆడబిడ్డను సైతము అట్లే గౌరవముతో సాగనంపుదుము. ఆ బిడ్డ ఎన్ని ప్రాణములు నిలుపునో అని సంతసింతుము. కాని ఆ బిడ్డ కన్నుల యెదుట ఎన్ని ప్రాణములు పోవునో, ఆ దృశ్యములు ఆ లేత మనస్సును ఎంత కలచివేయునో యోచింపము. ఈ పాఠమున ఆ విషయమును విచారింతము.

ఇంట ఒకరు గతించినచో ఏడ్చుటకు బంధువులు కలరు, ఓదార్చుటకు ఇరుగుపొరుగు కలరు, కర్మకాండకు దినములు కలవు. ఆ మంచము ప్రక్కనే రాత్రియంతయు నిలిచిన నర్సుకు ఇవి ఏవియు లేవు. ఆమె చేతులు కడుగుకొని తరువాతి మంచము వద్దకు పోవలసినదే. ఆమె దుఃఖమునకు తిథి లేదు, పరామర్శ లేదు.

ప్రథమ గురువు

వైద్య విద్యార్థి మృత్యువును మొదట చూచునది ఆసుపత్రిలో కాదు, శవచ్ఛేద గృహములో. పదునెనిమిది, పందొమ్మిది సంవత్సరముల పిల్లలు ఫార్మలిన్ వాసన నడుమ ఒక మానవ దేహము చుట్టు నిలిచెదరు. కొందరికి తల తిరుగును. కొందరికి ఆ పూట అన్నము సహింపదు. కొందరు భయమును కప్పిపుచ్చుకొనుటకు పరిహాసమాడెదరు. ఆ పరిహాసము చూచి వీరికి దయ లేదని మనము తలంపరాదు. అది భయము వేసికొన్న వేషము మాత్రమే.

ఈ సంగతిని గుర్తించియే 2019 నుండి అమలైన మన దేశపు వైద్య విద్యా ప్రణాళికలో, మృతదేహమే మన ప్రథమ గురువు అను భావముతో ఒక పాఠమును చేర్చిరి. పేరు తెలియని ఆ వ్యక్తి తన దేహమును పుస్తకముగా తెరచి యిచ్చెను. కనుక కత్తి పట్టుటకు ముందు నమస్కరింపుమని ఆ పాఠము యొక్క సారము.

మనకు పొరుగున, కర్ణాటకములోని బెళగావి ఆయుర్వేద కళాశాలలో 2010వ సంవత్సరమున జరిగిన సంఘటన ఇచట స్మరింపదగినది. శరీర నిర్మాణ శాస్త్రము బోధించు ఒక అధ్యాపకుడు, తన తండ్రి కోరిక మేరకు దానముగా వచ్చిన ఆ తండ్రి దేహమునే విద్యార్థుల యెదుట ఛేదించి పాఠము చెప్పెను. ఆ తండ్రియు వైద్యుడే. మన సంప్రదాయమున దేహమును ఆసీనముగా నుంచి, ఇష్టలింగమును కరమున నుంచి సమాధి చేయుదురు. సమాధియా, దేహదానమా అనునది ఆయా కుటుంబములు తమ గురువులతో విచారించుకొనవలసిన విషయము. ఇచట మనము గ్రహింపవలసినది వేరు. ఆ కుమారుడు దుఃఖమును దాచుకొనలేదు. దానిని గౌరవముగా మార్చి, పదిమంది యెదుట, పనిలో నిలిపెను.

రాయి వేరు, స్థైర్యము వేరు

మృతదేహమును చూచుట ఒక మెట్టు. నిన్న తనతో మాటలాడిన రోగి నేడు కన్నుమూయుట రెండవ మెట్టు. అది మిక్కిలి కఠినమైనది. నా వద్ద తెలుగు చదివి, నేడు నర్సుగా పనిచేయుచున్న ఒక విద్యార్థిని ఒకమారు సెలవులకు వచ్చినపుడు నాతో ఇట్లనెను: "సార్, పసిబిడ్డ పోయిన రాత్రి ఎవరికి చెప్పుకోవల్ల? ఇంట్లో చెప్తే ఆ పని మానెయ్ అంటారు. ఆసుపత్రిలో చెప్తే పోను పోను అలవాటైపోతుందిలే అంటారు."

ఈ రెండు సమాధానములును ప్రేమతో చెప్పినవే. రెండును తప్పే. మొదటిది ఆమె కాయకమును తీసివేయును. రెండవది ఆమె హృదయమును తీసివేయును.

గుండె రాయి చేసికొనుమని చెప్పువారు తరచు పెద్ద వైద్యులనే ఉదాహరణముగా చూపెదరు. పాశ్చాత్య వైద్య విద్యకు ఆచార్యుడైన విలియం ఆస్లరు 1889లో పట్టభద్రులకు చేసిన ప్రసంగమున, వైద్యునకు చలింపని స్థైర్యము ముఖ్యమని బోధించెను. అది సత్యమే. చేయి వణికినచో సూది తప్పును. ఐనను ఆ ఆస్లరే 1917లో తన ఏకైక కుమారుడు యుద్ధమున మరణింపగా తీవ్ర దుఃఖమున మునిగెను. పని వేళ చేయి నిలకడగా ఉండుట స్థైర్యము. పని ముగిసిన పిదప కూడ కన్ను చెమర్పకుండుట స్థైర్యము కాదు. రాయికి నొప్పి తెలియదు. నొప్పి తెలియని వైద్యునకు రోగి నొప్పి ఎట్లు తెలియును?

అణచిపెట్టిన దుఃఖము ఎచటికిని పోదు. అది నిద్రలేమిగా, చిరాకుగా, రోగులపై విసుగుగా, కొందరిలో జీవితముపైననే విరక్తిగా బయటపడును. జాతీయ వైద్య కమిషను నియమించిన కార్యదళము 2024లో ఇచ్చిన నివేదికకై జరిపిన సర్వేలో 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు పాల్గొనిరి. వారిలో నూటికి 27.8 మంది తమకు మానసిక వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ యైనదని తెలిపిరి. దీనికి పరీక్షల భారము, నిద్ర లేని విధులు మొదలైన కారణములు అనేకము కలవు. మృత్యు దర్శనము ఒక్కటియే కారణమని చెప్పరాదు. కాని అంత భారము మోయుచున్న మనస్సుపై ఈ దుఃఖము కూడ పడుచున్నదని మరువరాదు.

మన సమీపమున

దూరదేశముల మాట అటుంచుడు. మన ముదిగుబ్బ మీదుగా పోవు 42వ జాతీయ రహదారిని చూడుడు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనములలోని సిబ్బంది ప్రమాదస్థలికి మొదట చేరువారు. వర్షము తప్పి, అప్పు మీరి, పురుగుల మందు త్రాగిన రైతును మోసికొని పోవువారును వారే. ఆ రైతు వారికి తెలిసిన ఊరివాడే కావచ్చును. దారిలో ప్రాణము పోయినను, మరల పిలుపు రాగానే బండి కదలవలసినదే.

అదే దారిన అనంతపురము వైపు పోవునపుడు బత్తలపల్లి కలదు. 1969లో అనంతపురమున గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ సమాధి అచటనే యున్నది. ఆయన 2009లో గతించెను. ఆ సంస్థ నెలకొల్పిన ఆసుపత్రిలో ఎయిడ్స్, క్షయ రోగులకు చికిత్స జరిగెను. ఎయిడ్స్ రోగి నొకనిని స్వజనులే తాకుటకు వెనుకాడిన దినములు మన మెరుగుదుము. అట్టివారికి తుది ఘడియలలో నోటిలో నీరు పోసినవారు తరచు నర్సులే. 2020లో కోవిడు వచ్చినపుడు ఆ ఆసుపత్రియే కోవిడు చికిత్సాలయముగా మారెను.

ఆ మహమ్మారి కాలమున దేశమంతట ఒక వింత దుఃఖము కలిగెను. బంధువులను లోనికి రానీయలేదు. నిలువెల్ల కప్పుకొన్న సిబ్బంది ముఖము సైతము రోగికి కనబడలేదు. చివరి మాట వినినది నర్సు, చివరి చూపు చూచినది నర్సు. కుటుంబము పొందవలసిన దుఃఖమును ఆమె వారికి బదులుగా పొందెను. కాని ఆమెను పరామర్శించిన వారెందరు?

ఒక తెలుగువాని దుఃఖము

దుఃఖము మనిషిని కూల్చవచ్చును, లేదా నిలుపవచ్చును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలో స్ప్రూ అను సంగ్రహణి వ్యాధికి బలియైరి. సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించిరి. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినట్లు ప్రకటించెను. సోదరులను తీసికొనిపోయిన ఆ వ్యాధికే అది మందుగా ఉపయోగపడెను. ఆ పరిశోధనలనుండి వెలువడిన మరియొక మందుతోనే 1948లో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే గతించిరి.

ప్రతి వైద్యుడును సుబ్బారావు కాలేడు, కానక్కరలేదు. ఇందలి నీతి యొక్కటియే: దుఃఖమును మరచుట విజయము కాదు. దానికి ఒక పని నప్పగించుట విజయము.

దుఃఖమునకు దారి చూపు సాధనములు

మొదటిది క్షణకాల మౌనము. 2009లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జోనథన్ బార్టెల్స్ అను నర్సు, రోగి మరణించిన వెంటనే అందరిని ఒక్క నిమిషము ఆగి మౌనముగా నిలువుమని కోరెను. పోయిన ప్రాణికి గౌరవము, చేసిన ప్రయత్నమునకు గౌరవము. ఈ ఆచారము పిదప అనేక ఆసుపత్రులకు వ్యాపించెను. దీనికి ఖర్చు లేదు, యంత్రము లేదు. మన చిన్న ఆసుపత్రులలోను చేయవచ్చును.

రెండవది కలిసి మాటలాడుట. బోస్టను నగరమున 1995లో క్యాన్సరుతో మరణించిన కెన్నెత్ ష్వార్ట్జ్ అను న్యాయవాది పేర, ఆసుపత్రి సిబ్బంది అందరు ఒకచోట కూర్చుండి తమ మనోభారమును పంచుకొను సభలు ఆరంభమైనవి. పెద్ద డాక్టరు మొదలు సేవకుని వరకు అందరును సమానముగా మాటలాడుదురు. అనుభవ మంటపమును ఎరిగిన మనకు ఈ పద్ధతి క్రొత్త కాదు. అచట రాజమంత్రియు, చెప్పులు కుట్టువాడును ఒకే చాపపై కూర్చుండి తమ అనుభవమును చెప్పుకొనిరి. వైద్యమునే కాయకముగా గల వైద్య సంగణ్ణయు ఆ శరణులలో ఒకడే.

మూడవది, నయము కాని చోట కూడ పని కలదని నేర్చుట. లండనులో 1967న సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్ హాస్పిసును ప్రారంభించి, తుది దశ రోగుల బాధను తగ్గించుటయే ఒక వైద్యమని చూపెను. మన హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు సంస్థలోను ఇట్టి ఉపశమన సేవ కలదు. ఫలము మన చేతిలో లేకున్నను కాయకము మన చేతిలో నున్నదని ఎరిగిన వైద్యుడు, ప్రతి మరణమును తన ఓటమిగా లెక్కింపడు.

నాలుగవది, భారము మోయరానిదైనచో సహాయము కోరుట. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. వైద్యుడు వైద్యుని ఆశ్రయించుట సిగ్గు కాదు.

మన కర్తవ్యము

ఆసుపత్రిలో మనవారు గతించినపుడు కోపము వచ్చుట సహజము. ఆ కోపము ఎదుట నున్న నర్సుపై, చిన్న డాక్టరుపై పడును. వైద్య సిబ్బందిపై హింసను శిక్షించుటకు మన రాష్ట్రమున 2008లోనే చట్టము చేసిరి. చట్టము చేయి ఎత్తకుండ ఆపగలదు, మాటను ఆపలేదు. నిజముగా అలక్ష్యము జరిగినచో ఫిర్యాదు చేయుటకు దారులు కలవు. లేనిచో "మీరు చేయవలసినదంతయు చేసితిరి" అను ఒక్క మాట చెప్పి రండు. ఆ మాట ఆ నర్సుకు ఎన్నో రాత్రులు తోడుండును.

మన ఇంటి బిడ్డయే ఆ నర్సు ఐనపుడు పని మానుమనకుడు, అలవాటగుననకుడు. ప్రక్కన కూర్చుండుడు. పోయినవారు ఎవరని, ఎట్టివారని అడుగుడు. చెప్పనిండు. మఠములు కూడ ఏడాదికొకసారి పరిసర గ్రామముల నర్సులను, ఆశా కార్యకర్తలను, 108 సిబ్బందిని పిలిచి, వారి చేతుల మీదుగా గతించిన వారందరి కొరకు ప్రార్థన జరిపి, వారితో దాసోహమున భుజింపవచ్చును. మృతుని ఇంట పరామర్శకు పోవు మనము, ఆ మృత్యువును కనులార చూచినవారిని కూడ పరామర్శింపవలయును.

విచారింపవలసిన ప్రశ్నలు

1. స్థైర్యమునకును, కాఠిన్యమునకును భేదమేమి? మీ యెరుకలోని ఒక వైద్యుని ఉదాహరణముగా చెప్పుడు.
2. ఆ నర్సు విన్న రెండు సమాధానములకు బదులుగా మీరు ఏమి చెప్పుదురు?
3. కాయకమును చేయుట, ఫలమును ఆశించుట – ఈ రెంటి భేదము వైద్యునకు దుఃఖమున ఎట్లు తోడ్పడును?
4. మీ ఊరిలో గత సంవత్సరము తుది ఘడియలలో రోగులకు సేవ చేసిన వారెవరు? వారిని ఎవరైన పరామర్శించిరా?