తమ్ముడికి: ఏ తలుపుకి ఆ తాళం

ఒరేయ్ చిన్నా,

తెల్లవారుజాము దాకా మేలుకుని బ్యాంకు సర్వీసుతో కుస్తీ పడుతున్నావని అమ్మ చెప్పింది. వేళకి తింటున్నావో లేదోనని ఆవిడ బెంగ. ఆ నిద్రమత్తులో కోడ్‌లో ఏం చేసేస్తావోనని నా బెంగ.

నువ్వు పంపిన ఎర్రర్ చూశాను. ‘పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్’ అంటే, బ్యాంకు సర్వర్ చూపించిన సర్టిఫికెట్‌ని నమ్మడానికి నీ జావా దగ్గర ఆధారం లేదని. దీనికి అందరూ చెప్పే చిట్కా ఒకటుంది: ఏ సర్టిఫికెట్ వచ్చినా ఒప్పేసుకునే ట్రస్ట్ మేనేజర్ రాసి, డిఫాల్ట్ సాకెట్ ఫ్యాక్టరీగా పెట్టెయ్యడం. ఆ పని మాత్రం చెయ్యకురా! వేరే ఫ్యాక్టరీ ఇవ్వని ప్రతి హెచ్‌టీటీపీఎస్ యూఆర్ఎల్ కనెక్షన్‌కీ, ఆ జేవీఎం మొత్తంలో, అదే వర్తిస్తుంది.

నా పాత టీమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. కొరియర్ వాళ్ల టెస్ట్ సర్వర్ కోసం ఎవరో పెట్టిన ఆ నాలుగు లైన్లు ప్రొడక్షన్‌కి వెళ్లిపోయాయి. అదే అప్లికేషన్ కార్డు చెల్లింపులు కూడా పంపేది. అన్నీ చక్కగా పని చేస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పు? 2012లో టెక్సస్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్‌ని పరీక్షిస్తే అమెజాన్, పేపాల్ వ్యాపారులకిచ్చే ఎస్‌డీకేల్లోనూ, అపాచీ యాక్సిస్‌లోనూ సర్టిఫికెట్ తనిఖీ సరిగ్గా జరగడం లేదని తేలింది. అంత పెద్దవాళ్లకే తప్పలేదు, అందుకే నీ మీద ఇంత నస.

పోనీ బ్యాంకు వాళ్ల సీఏ ఉన్న ట్రస్ట్‌స్టోర్‌ని సిస్టమ్ ప్రాపర్టీగా ఇద్దామా అంటావు. ఇస్తే జావాతో వచ్చిన సీఏసర్ట్స్‌కి అదనంగా చేరదు, దాని స్థానంలో కూర్చుంటుంది. బ్యాంకు పలుకుతుంది, మిగతావాళ్లు మూగబోతారు.

నువ్వు వాడేది సీఎక్స్ఎఫ్ లైబ్రరీ కదా, అందులో ప్రతి పోర్ట్‌కీ విడిగా కాండ్యూట్, అంటే కనెక్షన్ సెట్టింగులు పెట్టుకునే చోటు, ఉంటుంది. బ్యాంకు కాండ్యూట్‌లోనే టీఎల్ఎస్ సెట్టింగులు పెట్టు: వాళ్ల సీఏ ఉన్న ట్రస్ట్‌స్టోర్, నీ క్లయింట్ సర్టిఫికెట్ ఉన్న కీస్టోర్. పాస్‌వర్డ్ మాత్రం గిట్‌లోకి ఎక్కించకు నాన్నా. ఎక్స్ఎంఎల్‌లో రాస్తే కాండ్యూట్ పేరు దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకో. మీసాల బ్రాకెట్లలో నేమ్‌స్పేస్, తర్వాత పోర్ట్ పేరు, ఆపైన చుక్క, హెచ్‌టీటీపీ-కాండ్యూట్. ఒక్క అక్షరం తేడా వచ్చినా పేరు తప్పని ఎర్రర్ రాదు, సెట్టింగులు అంటుకోవు, అంతే. ఎస్ఎస్ఎల్ హ్యాండ్‌షేక్ డీబగ్ ఆన్ చేసి, నీ సర్టిఫికెట్ నిజంగా వెళ్తోందో లేదో కళ్లతో చూసుకో. హోస్ట్ పేరు తనిఖీ చేసే సీఎన్ చెక్‌ని ఆపకు. వాళ్ల టెస్ట్ సర్వర్ పేరు కలవకపోతే సరైన సర్టిఫికెట్ అడుగు, మొహమాటపడకు.

ఇంకా టీఎల్ఎస్ 1.0 మీదే ఉన్నామని ఎవరైనా అంటే నువ్వు దిగిరావద్దు. 2021 మార్చిలోనే దాన్నీ 1.1నీ పక్కన పెట్టమని ఐఈటీఎఫ్ చెప్పేసింది. కొత్త జావాలో అవి ఆపేసే వస్తున్నాయి. ఆ నిషేధం జేవీఎం అంతటికీ ఉంటుంది కాబట్టి ఒక్కరి కోసం ఎత్తేస్తే అందరికీ ఎత్తేసినట్టే.

కోపగించుకోకు, మీ అక్క కాబట్టి ఇంత చెప్తున్నా. మెర్జ్ చేసే ముందు ఆ కాన్ఫిగ్ ఫైలు నాకోసారి పంపు. అన్నం తిన్నాకే సుమా!

మీ అక్క