భయం కథలు – పిల్లల మనసు

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే మన విశాఖలోనూ ఇప్పుడు హాలోవీన్ మాట వినిపిస్తోంది. ఐర్లండ్ నుంచి వలస వెళ్లినవారితో అమెరికా చేరి, అక్కడ పిల్లల వేడుకగా మారిన అక్టోబరు 31 రాత్రి, సినిమాల ద్వారా, విదేశాల్లో ఉన్న బంధువుల ద్వారా మన అపార్ట్‌మెంట్ల దాకా వచ్చింది. మన పిల్లలు అలాంటి పార్టీలకు వెళ్లవచ్చా అన్నది ఉలమాలను అడిగి తెలుసుకోవలసిన విషయం. ఇక్కడ మనం ఆలోచించబోయేది ఒక్కటే: పిల్లలకు భయం కథలు చెప్పేటప్పుడు పెద్దలు ఏం గుర్తుంచుకోవాలి?

భయం కథ మనకు కొత్త కాదు

నానీమా చెప్పిన జిన్నుల కథలు, పొరుగింటి అమ్మమ్మ చెప్పిన కొరివి దెయ్యం కథలు, చందమామలో బేతాళ కథలు – వీటితోనే మనలో చాలామందిమి పెరిగాం. మగ్రిబ్ తర్వాత రుషికొండ ఇసుకలో కాసేపు కూర్చుంటే చాలు. అలల హోరు, దూరాన లంగరు వేసిన ఓడల దీపాలు చూసి పిల్లలే అడుగుతారు, ఒక భయం కథ చెప్పమని. అడగడంలో తప్పు లేదు. పెద్దల ఒడిలో కూర్చుని కాస్త భయపడి, ఆ భయం దాటి నవ్వడం కూడా ఒక చదువే. బేతాళ కథలో శ్మశానం ఉంది, శవం ఉంది. చివర ఒక ప్రశ్న కూడా ఉంది. దానికి జవాబు వెతుకుతూ పిల్లవాడు శవాన్ని మరచిపోతాడు.

మదీనాలో ఒక రాత్రి

హజ్రత్ అనస్ (రజి) చెప్పిన ఒక సంఘటన బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ఒక రాత్రి మదీనాలో పెద్ద శబ్దం వినిపించింది. ప్రజలు హడలిపోయి ఆ వైపు బయలుదేరారు. అప్పటికే దైవప్రవక్త (స) ఒంటరిగా వెళ్లి, చూసి, తిరిగి వస్తూ ఎదురయ్యారు. అబూ తల్హా (రజి) గుర్రంపై జీను కూడా లేకుండా వెళ్లారు. మెడలో కత్తి వేలాడుతోంది. భయపడవద్దని అందరికీ చెప్పారు. ఆ గుర్రం సముద్రంలా సాగిందని మెచ్చుకున్నారు కూడా.

చీకటి, తెలియని శబ్దం, గుర్రపు డెక్కల చప్పుడు – పిల్లలు ఊపిరి బిగబట్టి వినే కథ ఇది. భయం ఉన్నచోటికి పెద్దవాడు ముందు వెళ్తాడు, తిరిగి వచ్చి ధైర్యం చెబుతాడు. కథ చెప్పేవారి పని కూడా సరిగ్గా అదే.

మూడు జాగ్రత్తలు

మొదటిది, భయాన్ని మధ్యలో వదిలేయకూడదు. ప్రయాణంలో నిద్రపోతున్న ఒక సహచరుడి దగ్గరి తాడును తోటివారు తీయగా ఆయన ఉలిక్కిపడ్డారు. ఒక ముస్లింను భయపెట్టడం మరో ముస్లింకు తగదని దైవప్రవక్త (స) అప్పుడు హెచ్చరించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. కాబట్టి దీపం ఆర్పేసి వెనక నుంచి పట్టుకోవడం, ముసుగు వేసుకుని మీద పడటం కథలో భాగం కాకూడదు.

రెండవది, మనిషిని దెయ్యంగా చూపకూడదు. అన్నం తినని పిల్లవాడిని జోలె వేసుకున్న ఫకీరు ఎత్తుకుపోతాడనో, ముష్టివాడు పట్టుకుపోతాడనో బెదిరించడం చిన్న విషయం అనిపిస్తుంది. కానీ 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు తెలుగు రాష్ట్రాల్లో ఏం చేశాయో గుర్తుంది కదా. అపరిచితులపై గుంపులు దాడులు చేశాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణమే పోయింది. అన్నం ముద్ద దగ్గర నాటిన భయం వీధిలో అలా కాస్తుంది.

మూడవది, ఎవరు వింటున్నారో చూడాలి. మన సంఘం ఆదుకుంటున్న పిల్లల్లో తండ్రినో తల్లినో పోగొట్టుకున్నవారు ఉన్నారు. చనిపోయినవాళ్లు రాత్రిపూట తిరిగి వచ్చి పగ తీర్చుకుంటారన్న కథ మిగతావారికి సరదా. అబ్బాను ఖబ్రస్తాన్‌లో దించి వచ్చిన బిడ్డకు మాత్రం అది అబ్బా గురించిన మాట. అనాథ పట్ల కఠినంగా వ్యవహరించవద్దని దివ్య ఖుర్ఆన్ సూరా జుహాలో ఆదేశించింది. ఆ బిడ్డ ఉన్నచోట ఆ కథను పక్కన పెట్టడమే మర్యాద.

మన తీరానికి తగిన కథ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి, కూలిన చెట్లు, ఆ తర్వాత కరెంటు లేని రాత్రులు. మన చిన్నపిల్లలకు అది తెలియదు. ఆ గాలి ఎలా అరిచిందో చెప్పండి; ఇరుగుపొరుగు ఎలా కలిసి ఆ రాత్రులు గడిపారో కూడా చెప్పండి. హుద్‌హుద్ అంటే సులైమాన్ ప్రవక్త (అలై)కి సబా రాణి కబురు తెచ్చిన పిట్ట అని, ఆ గాథ సూరా నమ్ల్‌లో ఉందని చెప్పి ముగించండి. గాలి అరుపుతో మొదలైన కథ పిట్ట కబురుతో పూర్తవుతుంది.

కథ అయ్యాక సూరా ఫలఖ్, సూరా నాస్ పిల్లలతో కలిసి చదవండి. కమ్ముకునే రాత్రి చీకటి కీడు నుంచి శరణు కోరడం ఫలఖ్‌లోనే ఉంది. భయపడటం సిగ్గుపడవలసిన విషయం కాదని, ఆ భయంతో ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిస్తే చాలని పిల్లలకు అర్థమవుతుంది.

దాతలకు మా మనవి ఒకటి. మీ సదఖాతో పిల్లల ఫీజులు, పుస్తకాలు సమకూరుతున్నాయి. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. ఈసారి ఒక సాయంత్రం కూడా ఇవ్వండి. మీ నానీమా చెప్పిన కథ ఒకటి తీసుకుని పిల్లల దగ్గరికి రండి. కథ పూర్తయ్యాక మాత్రం వెంటనే లేచి వెళ్లకండి. చివరి పిల్లవాడు నవ్వే వరకు కూర్చోండి.