కాఫీ – కఠినజలం

కాఫీ రుచి చెడినప్పుడు మనం మొదట పొడిని నిందిస్తాం, పిదప పాలను, చిట్టచివర కాచిన చేతిని. డికాక్షన్‌లో అత్యధిక భాగం నీరే అయినా, నీటిని అనుమానించేవారు అరుదు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అమ్మ కోనసీమలో గోదావరి కాలువ నీటితో నలభై ఏళ్ళు కాఫీ కాచిన మనిషి. నా ఉద్యోగరీత్యా మేము పల్నాటికి వచ్చిన తొలివారంలోనే ఆమె కాఫీ చప్పబడింది. పొడి మార్చింది, చికోరీ తగ్గించింది, పాలవాణ్ణి మందలించింది. పప్పు ఉడకడం లేదని చిటికెడు వంటసోడా వేస్తూ, ఆ అలవాటుతో కాఫీ నీటిలోనూ వేసి చూసింది. రుచి మరింత చెడింది. చివరకు "నా చేతిలో పస పోయిందిరా, ఇక నువ్వే కాచుకో" అని వంటింటి గడపలో కూర్చున్నది. ఆ మాట నన్ను చాలా బాధించింది.

పల్నాటి నీటిమీద ఫిర్యాదు కొత్తది కాదు. దప్పికకు తాళలేక, గంగను విడువుమని శివుణ్ణి వేడుకొంటూ శ్రీనాథుడు చాటువు చెప్పాడని ప్రసిద్ధి. ఆ మహాకవి దొరకని నీటికోసం వగచాడు. మాకు నీరు దొరికింది, గుణమే కుదరలేదు.

ఆ సీమలో చాలాచోట్ల సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరొందినది అందుచేతనే. భూమిలోకి ఇంకే వాననీరు ఆ రాతిని కొద్దికొద్దిగా కరగించుకొని బోరుబావికి చేరుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా గల ఇట్టి నీటినే కఠినజలం అంటారు. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలని, వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ లవణాలలో బైకార్బొనేట్లు కాఫీకి శత్రువులు. మంచి డికాక్షన్‌లోని చురుకుదనం దానిలోని సహజామ్లాల వలన కలుగుతుంది. ఆ ఆమ్లాలను ఇవి తటస్థీకరిస్తాయి. వంటసోడా కూడా బైకార్బొనేటే కనుక అమ్మ ప్రయత్నం వికటించడంలో వింత లేదు.

మా కళాశాల రసాయనశాస్త్ర అధ్యాపకుడొకరు చెప్పిన ఉపాయం సులభం. నీటిని మూత లేని గిన్నెలో పది నిమిషాలు తెర్లనివ్వాలి. బైకార్బొనేట్లు విచ్ఛిన్నమై, బొగ్గుపులుసు వాయువు వెలువడి, కాల్షియం కార్బొనేట్ తెల్లని పొడిగా అడుగుకు దిగుతుంది. చల్లారి తేరుకొన్న తర్వాత, అడుగు కదలకుండా పైనీటిని వంచుకోవాలి. కొంత నీరు అడుగున విడిచిపెట్టడానికి లోభించరాదు. ఆ తేటను మళ్ళీ మరిగించి, అర నిమిషం ఆగి, ఫిల్టరులోని పొడిపై నెమ్మదిగా పోయాలి.

"చిల్లగింజ అరగదీసి కలిపితే చాలదా?" అని అమ్మ అడిగింది. సంస్కృతంలో కతకమనే ఆ గింజ నీటిలో తేలియాడే మట్టిని పట్టి దించుతుంది. కరిగిన లవణాన్ని పట్టలేదు. ఇక ఇళ్ళలోని శుద్ధియంత్రాల నీటిలో లవణాలు మిక్కిలి స్వల్పం. పొడిలోని సారాన్ని రాబట్టడానికి కొంత కాల్షియం, మెగ్నీషియం అవసరమే గనుక, మూడు వంతుల యంత్రజలంలో ఒక వంతు తేర్చిన నీరు కలపడం ఇప్పుడు నా అలవాటు. ఫ్లోరైడు గల ప్రాంతాలవారు మాత్రం కాచి తేర్చడాన్ని నమ్ముకోరాదు. అది మరిగించినందువల్ల తొలగదు.

మరునాడు తేర్చిన నీటితో అమ్మే కాఫీ కాచింది. ఒక గుక్క తాగి, గిన్నె అడుగున పేరుకొన్న తెల్లని మడ్డిని వేలితో తీసి చూసి, "ఇన్నాళ్ళూ మనం తాగింది సున్నమటరా!" అన్నది. ఆ ఉదయం పాలవాడికి కూడా ఒక కప్పు కాఫీ ఇచ్చింది.