వీసా ఇచ్చేవాడు డబ్బు అడగడు

బెంగళూరు

చిట్టీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. ప్రొద్దుటూరులో ఎవరో ఏజెంటు నీకు దుబాయ్‌లో ఫ్యాషన్ డిజైనర్ ఉద్యోగం, రెండేళ్ల వీసా, టికెట్టు అన్నీ కలిపి నాలుగు లక్షలకు ఇప్పిస్తానన్నాడంట. శుక్రవారం లోపల లక్ష కడితే పేరు రాసుకుంటాడంట. మీ అమ్మ గాజులు బ్యాంకులో పెట్టేదానికి కూడా సిద్ధపడింది. ఆ గాజులు ఆమె చేతికే ఉండనీ. శుక్రవారం ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. నువ్వు బయటి దేశాలకు పోవాలనే నా కోరిక కూడా. కమలాపురంలో పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేసుకుంటూ కూర్చోవడానికి కాదు నిన్ను తిరుపతి పంపి డిజైనింగ్ చదివించింది. పోయే దోవ మాత్రం ఇది కాదు.

ముందు స్పాన్సర్‌షిప్ సంగతి తెలుసుకో. ఒక కంపెనీ తన దేశ ప్రభుత్వానికి ‘ఈ పనికి నాకు ఈ మనిషి కావాలి, జీతం ఇంత ఇస్తా, బాధ్యత నాది’ అని రాసిచ్చేదే స్పాన్సర్‌షిప్. ఏజెంటు దాన్ని తెచ్చి అమ్మలేడు. ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం మనిషిని పనిలోకి తెచ్చుకునే ఖర్చు యజమానిదే, అది పనివాళ్ల దగ్గర వసూలు చేయకూడదు. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు కూడా ఫీజు కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ముప్పై వేలెక్కడ, నాలుగు లక్షలెక్కడ!

కువైట్‌కు పోయి వచ్చినవాళ్లు లేని వీధి మన వైపు తక్కువ. రాయచోటి, రాజంపేట వైపు ఏ ఊళ్లో అడిగినా చెప్తారు. అక్కడ కంపెనీల్లో, దుకాణాల్లో పనికి 18 నంబరు వీసా, ఇంటి పనికి 20 నంబరు వీసా. టైలరింగ్ పని అని చెప్పి 20 నంబరు మీద ఎక్కించి పంపిన కథలు మనం ఎన్ని వినలేదు? అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కాగితం, ఎవరో ఇంటాయన పేరు మీద ఉంటుంది, మనిషి బజారులో మిషన్ తొక్కుతుంటుంది. చెకింగ్‌లో దొరికితే తప్పు ఆ మనిషి మీదే పడుతుంది, పంపినవాడు ప్రొద్దుటూరులోనే ఉంటాడు. దుబాయ్‌కి ఇదే మాట ఇంకో రకంగా చెప్తారు: ‘విజిట్ వీసా మీద రా, అక్కడ మార్చుకుందాం’. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం.

నీ విషయంలో ఇంకొకటుంది. పది పాసైనవాళ్లకు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరం) ముద్ర ఉండదు. ముద్ర ఉన్నవాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర క్లియరెన్సు తీసుకోవాలి, అక్కడ వాళ్ల కాంట్రాక్టు చూస్తారు. నువ్వు డిగ్రీ చదివావు కాబట్టి నీ కాగితాలు అట్లా ఎవరూ చూడరు. చదువులేని మనిషికున్న ఆ కాస్త కాపలా కూడా నీకు లేదన్నమాట. నీ కాంట్రాక్టు నువ్వే చదువుకోవాలి.

కాబట్టి ఆ ఏజెంటును లైసెన్సు నంబరు అడుగు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంది, అందులో ఆ పేరుందో లేదో చూడు. ‘హైదరాబాద్ మెయిన్ ఆఫీసు వాళ్లకుంది, నేను వాళ్ల మనిషిని’ అంటే మాట్లాడకుండా లేచి వచ్చేయ్. లైసెన్సు ఉంటే ఆఫర్ లెటర్ చూపించమను. అందులో ఉద్యోగం పేరు ఏమని రాశారో చూడు. నోటితో డిజైనర్ అని, కాగితం మీద సేల్స్ అనో హెల్పర్ అనో ఉంటే ఆ కాగితమే నిజం. జీతంలో బేసిక్ ఎంత, అలవెన్సులెంత విడివిడిగా ఉండాలి, గది ఎవరిదో రాసి ఉండాలి. అనుమానమొస్తే ఢిల్లీలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090 నంబరులో ఫోన్ చెయ్, డబ్బులు పడవు. మన రాష్ట్ర ప్రభుత్వానికే ఓంక్యాప్ అని విదేశాలకు మనుషుల్ని పంపే సంస్థ ఉంది, అక్కడా విచారించు.

ఇక అసలు మాట. బయటి దేశంలో కంపెనీవాడు అంత ఖర్చు పెట్టి నిన్నే ఎందుకు తెచ్చుకోవాలి? బొమ్మలు గీసే పిల్లలు వాళ్ల ఊళ్లోనే వేలమంది ఉన్నారు. దొరకనిది గీసిన బొమ్మను ఒంటికి సరిపడే బట్టగా మార్చే మనిషి. పోయిన వారం మా గార్మెంట్ కంపెనీ శాంపిల్ రూముకు ఒక చొక్కా వెనక్కి వచ్చింది. కుట్టు శుభ్రంగా ఉంది, గుడ్డ బాగుంది. కాలర్ మాత్రం టెక్ ప్యాక్‌లో, అంటే కొలతలు రాసిచ్చే కాగితాల్లో, ఉన్న కొలతకు ఏడు మిల్లీమీటర్లు తక్కువ. లైన్‌లో టైలర్ మీద అరుస్తున్నారు. మా ప్యాటర్న్ మాస్టర్ వచ్చి, కొత్త కాలర్ ముక్క ఒకటి కత్తిరించి, ఫ్యూజింగ్ అతికించకముందు టేపు పెట్టాడు, ప్రెస్సులో నుంచి తీశాక మళ్లీ పెట్టాడు. వేడికి గుడ్డ కుదించుకుపోయింది. ప్యాటర్న్‌లో దానికి చోటు వదల్లేదు, టైలర్ తప్పేమీ లేదు. అరగంటలో తేల్చిన ఆ మనిషిని జోర్డాన్ ఫ్యాక్టరీవాళ్లు రెండుసార్లు పిలిచారు, టికెట్టు కూడా వాళ్లదే. జోర్డాన్‌లో, మారిషస్‌లో మన దేశపు మాస్టర్లు, క్వాలిటీ వాళ్లు పనిచేస్తున్నారంటే ఇట్లాంటి చేతులున్నాయనే.

నువ్వు అమెరికా పేరు కూడా ఎత్తావంట. అక్కడి ఉద్యోగ వీసా హెచ్‌1బి లాటరీ మీద నడుస్తుంది, పైగా 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని అక్కడి అధ్యక్షుడు ప్రకటన ఇచ్చాడు. కొత్తగా చదువైన డిజైనర్ కోసం అంత కట్టేవాళ్లు ఉంటారని నేననుకోను. బ్రిటన్‌లో 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలు కనీస జీతం పరిమితే ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా అది చిన్న జీతమేమీ కాదు. ఒక మేలేమంటే, స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీల జాబితా అక్కడి ప్రభుత్వమే బయట పెడుతుంది. ఎవరైనా లండన్ కంపెనీ పేరు చెప్తే ఆ జాబితాలో వెతుకు.

మన పక్క రాష్ట్రం ఒడిశాలో, రూర్కెలాలో పుట్టిన బిభు మహాపాత్ర సంగతి చదువు. 1996లో ఎకనామిక్స్ చదవడానికి అమెరికా పోయాడు. తర్వాత న్యూయార్క్‌లో ఫ్యాషన్ నేర్చుకుని, హాల్‌స్టన్‌లో, జె. మెండెల్‌లో ఇంకొకరి పేరు మీద ఏళ్ల తరబడి పనిచేసి, 2009లో గానీ సొంత లేబుల్ పెట్టలేదు. 2015లో మిషెల్ ఒబామా ఢిల్లీలో విమానం దిగింది ఆయన డిజైన్ చేసిన గౌనులోనే. ఆ మధ్య సంవత్సరాలను నువ్వు ఊరికే దాటేయకూడదని దీన్ని రాస్తున్నాను.

నువ్వు చేయాల్సింది ఇది. దసరా అయ్యాక బెంగళూరు రా. పీణ్యలో, బొమ్మనహళ్లిలో ఎక్స్‌పోర్ట్ కంపెనీలు చాలా ఉన్నాయి, మన సీమ ఆడపిల్లలు వాటిలో బోలెడుమంది. మొదట జీతం చూసి నీరుగారిపోతావు, తెలుసు. అయినా శాంపిల్ రూములోనే చేరు, మర్చండైజింగ్ టేబుల్ దగ్గరకు తొందరపడకు. చేత్తో ప్యాటర్న్, గ్రేడింగ్ వచ్చాక కంప్యూటర్‌లో గెర్బర్ గానీ లెక్ట్రా గానీ నేర్చుకో, ఆ తర్వాత క్లో 3డీ. బయ్యర్ల మెయిల్స్‌కు నువ్వే ఇంగ్లీషులో జవాబు రాయి. మూడు నాలుగేళ్లు ఇట్లా చేస్తే, యూరప్ బ్రాండ్ల టెక్నికల్ వాళ్లకు నీ పేరు తెలుస్తుంది. అడిగేవాళ్లు అక్కడినుంచే వస్తారు. దూరం అనిపిస్తే పులివెందులలో ఆదిత్య బిర్లావాళ్లు పెట్టిన గార్మెంట్ యూనిట్‌లో ముందు విచారించు. ఇంటికి దగ్గర, లైన్ ఎట్లా నడుస్తుందో కళ్లారా చూస్తావు.

మా ఇంట్లో నీకు గది ఉంది, మీ అత్తతో మాట్లాడాను. వచ్చేటప్పుడు నువ్వు గీసిన బొమ్మల ఫైలుతోపాటు, నువ్వే కత్తిరించి నువ్వే కుట్టిన జాకెట్టు ఒకటి, దాని కాగితం ప్యాటర్న్ తీసుకురా. మా మాస్టర్‌కు చూపించాల్సింది ఆ రెండే. ఏజెంటు ఇచ్చిన కాగితాలేమైనా ఉంటే ఫొటో తీసి ఈ రాత్రికే నాకు పంపు. నీ ఒరిజినల్ పాస్‌పోర్టు ఆయన చేతికి ఇప్పటికే ఇచ్చి ఉంటే, రేపు పొద్దున్నే మీ నాన్నను తీసుకుని పోయి వెనక్కి తెచ్చుకో.

ఇట్లు,
మీ మామ