శాసన రచన నుండి రాజ్‌భవన్‌కు

చేబ్రోలు అనగానే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల విద్యార్థులకు గుంటూరు నుండి పొన్నూరు వెళ్ళే దారిలోని గ్రామం, అక్కడి భీమేశ్వరాలయం, జాయప సేనాని శాసనం స్ఫురిస్తాయి. శ్రీమతి వి.ఎస్. రమాదేవి జన్మస్థలం కూడా చేబ్రోలే. అయితే అది పశ్చిమ గోదావరి సీమలోని చేబ్రోలు. 1934 జనవరి 15న అక్కడ జన్మించిన ఆమె న్యాయశాస్త్రం అభ్యసించి కేంద్ర ప్రభుత్వ న్యాయసేవలో ప్రవేశించారు.

ఆ తరం స్త్రీకి ఉన్నతోద్యోగం సులభసాధ్యం కాదు. 1954 నాటి ఐ.ఏ.ఎస్. నియామక నిబంధనల ప్రకారం, వివాహం చేసుకున్న మహిళా అధికారిని రాజీనామా చేయమని ప్రభుత్వం కోరవచ్చు. 1972లో గాని ఆ నిబంధన తొలగిపోలేదు. రమాదేవి ఉద్యోగం వేరే సేవకు చెందినదైనా, ఆనాటి కార్యాలయాల వాతావరణం ఎట్టిదో దీనివల్ల ఊహించవచ్చు.

న్యాయ మంత్రిత్వ శాఖలోని శాసన విభాగంలో ఆమె ఉన్నత పదవిని అందుకున్నారు. ప్రభుత్వ సంకల్పాన్ని చట్టభాషలోకి తెచ్చి బిల్లుల ముసాయిదాలు సిద్ధం చేయడం ఆ విభాగం పని. ఒక్క పదం అటూ ఇటూ అయినా అర్థం మారిపోతుంది. సూత్ర రచనలో మన వైయాకరణులు చూపిన జాగరూకతే ఇక్కడా కావాలి. పేరు బయటకు రాని పని ఇది.

1990 నవంబరులో ప్రధాన ఎన్నికల కమిషనర్ పదవి ఖాళీ అయింది. అప్పుడు ఎన్నికల సంఘం ఏకసభ్య సంఘం. ఆ పీఠం శూన్యమైతే సంఘమే శూన్యం. నవంబరు 26న రమాదేవి ఆ బాధ్యత స్వీకరించారు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి మహిళ ఆమె. డిసెంబరు 11 వరకు, అంటే పదహారు రోజులు మాత్రమే, ఆమె అక్కడ ఉన్నారు. మరునాడు టి.ఎన్. శేషన్ వచ్చారు. అనంతరం 1993లో రాజ్యసభ సెక్రటరీ జనరల్‌గా నియమితులయ్యారు. ఆ స్థానంలోనూ ఆమెదే తొలి మహిళ స్థానం. సభాపతికి సభా నియమాలు, పూర్వ సంప్రదాయాలు విన్నవించవలసిన ఉద్యోగం అది. 1997లో హిమాచల్ ప్రదేశ్ గవర్నరుగా, 1999 డిసెంబరులో కర్ణాటక తొలి మహిళా గవర్నరుగా ఆమె పదవీ స్వీకారం చేశారు.

ఆమె బెంగళూరు రాజ్‌భవన్‌లో ఉన్న రోజులలోనే, 2000 ఫిబ్రవరిలో, జపానులోని ఒసాకాకు ఫుసాయె ఓటా గవర్నరుగా ఎన్నికయ్యారు. ఆమె కూడా వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వ శాఖలో అధికారిణిగా పనిచేసినవారే. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. జపానులో ప్రజలు ఓటు వేసి ఎన్నుకుంటారు, పాలన ఆయన చేతిలోనే ఉంటుంది. ‘ఆయన’ అన్న మాట ఇక్కడ అలవాటుగా దొర్లింది. అక్కడి 47 ప్రాంతాలలోనూ అంతవరకు ఒక్క మహిళా గవర్నరు లేరు.

ఒసాకాలో ఏటా వసంతకాలంలో సుమో మల్లయుద్ధ పోటీలు జరుగుతాయి. విజేతకు గవర్నరు బహుమతిని బరిలోనే అందజేయడం ఆచారం. కాని ఆ బరిలో స్త్రీ అడుగిడరాదన్నది అంతకంటె పాత ఆచారం. తానే బహుమతి ఇస్తానని ఓటా కోరగా సుమో సంఘం అంగీకరించలేదు. 2008 వరకు ఎనిమిదేళ్ళు గవర్నరుగా ఉండి కూడా ఆమె ఆ బరిలో అడుగు పెట్టలేకపోయారు.

రమాదేవికి అటువంటి నిషేధం ఎదురుకాలేదు. ఎస్.కె. మెందిరత్తాతో కలిసి భారత ఎన్నికల చట్టాలపై ఆమె ఆంగ్లంలో రచించిన బృహద్గ్రంథం ఆ రంగంలో ప్రామాణికమైనది. 2002లో పదవీ విరమణ చేసి, 2013 ఏప్రిల్ 17న ఆమె పరమపదించారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ల వరుసలో ఆమె తరువాత 2024 వరకు మరొక స్త్రీ పేరు చేరలేదు.