బంగారు వేట నాటి ఊరు

ప్రశ్న: శాన్ హోసేలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. కాలిఫోర్నియా బంగారు వేట నాటి ఊరు ఒక్కటే చూసే వీలుంది. ఏది చూడమంటారు?

జవాబు: సియెర్రా నెవాడా కొండల దిగువనున్న కొలంబియా చూడండి. 1848లో ఆ వేటకు దారితీసిన బంగారం కనిపించిన చోటు కొలోమాయే, కానీ ఆనాటి ఊరు ఊరుగా నిలిచింది ఇక్కడే. 1854, 1857ల్లో మంటల్లో కాలిపోయాక ఇటుక గోడలతో, ఇనుప తలుపులతో మళ్లీ కట్టుకున్నారు. ఆ తలుపుల ముందు కాసేపు ఆగండి. ఊరి అంచున, బంగారం కోసం మట్టంతా కడిగేస్తే బయటపడ్డ పాలరాతి బండలున్నాయి. నన్ను ఎక్కువగా కదిలించినవి అవే. అంతకుముందు ఈ నేల మివోక్ ప్రజలది, అదీ గుర్తుంచుకోవాలి. పిల్లలుంటే పళ్లెంలో ఇసుక కడిగించండి, గుర్రపుబండి ఎక్కించండి. వేసవి ఎండ తీవ్రం కాబట్టి ఏప్రిల్‌లో వెళ్లండి.